ప్రాజెక్టు డైరీ: రాజమండ్రి సంగీతం క్లాసు టైమును డాలస్, లండన్, మెల్‌బోర్న్‌లలో సరిగ్గా చూపించడం

రాజమండ్రి నుంచి ఒక టీచర్ గారు ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం చెబుతారు. ఆదివారం ఉదయం 7 గంటల క్లాసు డాలస్, మెల్‌బోర్న్ పిల్లలకు. శనివారం రాత్రి 7:30 క్లాసు లండన్ పిల్లలకు. ఈ టైములు చూపించే పాత పేజీలో ఒక్కో ఊరికి ఒక్కో తేడా అంకె రాసిపెట్టి ఉంది: డాలస్‌కి 11:30 గంటలు తీసేయి, లండన్‌కి 5:30 తీసేయి, మెల్‌బోర్న్‌కి 5:30 కలుపు. చలికాలంలో డాలస్‌కి, లండన్‌కి ఇది సరిపోతుంది. మార్చి వచ్చిందంటే డాలస్ పిల్లలు గంట ముందే వచ్చి ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చుంటారు. ఏప్రిల్ వచ్చిందంటే మెల్‌బోర్న్ పిల్లలు గంట ఆలస్యంగా వస్తారు. అప్పటికి క్లాసు అయిపోతుంది.

తెలుగు సంఘం కార్యక్రమాలకో, ట్యూషన్లకో, ఆన్‌లైన్ పూజలకో ఇలాంటి పేజీ కట్టేవాళ్లు ఈ డైరీని అలాగే వాడుకోవచ్చు. లైబ్రరీలేవీ లేవు. బ్రౌజర్‌లో, నోడ్‌లో (జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట, సర్వర్‌లో నడిపేది) ఇప్పటికే ఉన్న ఇంటల్ సరుకుతోనే పని జరిగింది. ఇంటల్ అంటే తేదీలను, టైములను ఊరిని బట్టి, భాషను బట్టి చూపించే జావాస్క్రిప్ట్ భాగం. తేదీల కోసం చాలామంది వాడిన మొమెంట్ లైబ్రరీని 2020 సెప్టెంబర్‌లో దాని కర్తలే కొత్త ప్రాజెక్టులకు వద్దన్నారు కాబట్టి దాని జోలికి పోలేదు.

దశ 0: ముందు జవాబుల కాగితం

కోడ్ రాయకముందే సరైన జవాబులు చేత్తో రాసుకోవాలి. లేకపోతే కోడ్ ఏది చూపిస్తే అదే నిజం అనిపిస్తుంది.

ఆ దేశాల్లో ఎండాకాలం కోసం గడియారాన్ని గంట ముందుకు జరిపి, తరవాత వెనక్కి తెస్తారు. 2025లో అలా గడియారాలు మారిన రోజులు ఇవి:

1. మార్చి 9: అమెరికా గంట ముందుకు.
2. మార్చి 30: బ్రిటన్ గంట ముందుకు.
3. ఏప్రిల్ 6: మెల్‌బోర్న్ గంట వెనక్కి.
4. అక్టోబర్ 5: మెల్‌బోర్న్ గంట ముందుకు.
5. అక్టోబర్ 26: బ్రిటన్ గంట వెనక్కి.
6. నవంబర్ 2: అమెరికా గంట వెనక్కి.

మన గడియారం ఏడాదంతా యూటీసీ+5:30 దగ్గరే ఉంటుంది (యూటీసీ అంటే గ్రీనిచ్ రేఖను బట్టి ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైము). 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని 15తో భాగిస్తే వచ్చే అంకె అది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గర్లోనే వెళుతుంది. మనం కదలకపోయినా అవతలి ఊళ్లు మూడూ మూడు వేర్వేరు ఆదివారాల్లో కదులుతాయి, అందులో ఒకటి ఎదురు దిశలో. అందుకే తేడా అంకె అనేదే పనికిరాదు.

ఈ మార్పులకు అటూ ఇటూ ఆరు వారాలు ఎంచుకున్నాను. ఆదివారం క్లాసుకు మార్చి 2, మార్చి 16, మార్చి 30, ఏప్రిల్ 6, అక్టోబర్ 5, నవంబర్ 9. లండన్ క్లాసుకు ఆ ఆదివారాలకు ముందు శనివారాలు. ఆరు వారాలు, నాలుగు ఊళ్లు, 24 వరసలు. కాగితం మీద జవాబులు:

రాజమండ్రి: అన్ని వారాలూ ఆదివారం ఉదయం 7:00.
డాలస్: మార్చి 2, నవంబర్ 9 క్లాసులు శనివారం రాత్రి 7:30. మిగతా నాలుగూ శనివారం రాత్రి 8:30.
మెల్‌బోర్న్: ఏప్రిల్ 6న ఉదయం 11:30. మిగతా అయిదూ మధ్యాహ్నం 12:30.
లండన్: ఏప్రిల్ 5, అక్టోబర్ 4 మధ్యాహ్నం 3:00. మిగతా నాలుగూ 2:00.

పాత పేజీని ఈ కాగితంతో పోల్చాను. టైము ఒక్కటే చూస్తే 17 సరి. కానీ ఆ పేజీ డాలస్‌కి కూడా రోజు పేరు ఆదివారం అనే చూపిస్తోంది. అక్కడ అది శనివారం రాత్రి. రోజు పేరు తప్పితే క్లాసు తప్పినట్టే కాబట్టి ఆ వరసలను కొట్టేశాను.

ఇప్పటిదాకా: 24లో 15.

ల్యాప్‌టాప్ గడియారం మార్చకుండా వేరే ఊరి కళ్లతో చూడటానికి రెండు దారులున్నాయి. నోడ్‌ను నడిపేటప్పుడు టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఊరి పేరు ఇవ్వడం ఒకటి. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లో సెన్సర్స్ ప్యానెల్ తెరిచి లొకేషన్ మార్చడం రెండోది. అక్కడ లొకేషన్‌తో పాటు టైమ్‌జోన్ కూడా మారుతుంది. రెండోది వాడితే పేజీ మొత్తాన్ని డాలస్‌లో కూర్చుని చూసినట్టే చూడొచ్చు.

దశ 1: తేదీని చదవడం

మొదటి దెబ్బ సెలవుల పట్టికలో తగిలింది. సెలవు తేదీ ఫైల్లో 2025-08-15 అని ఉంది, టైము లేదు. రాజమండ్రిలో ఆగస్టు 15 అనే కనిపించింది. లండన్, మెల్‌బోర్న్‌లలోనూ అంతే. డాలస్‌లో మాత్రం స్వాతంత్ర్య దినోత్సవం ఆగస్టు 14 అయిపోయింది.

కారణం జావాస్క్రిప్ట్ నియమంలోనే ఉంది. తేదీ ఒక్కటే ఇస్తే దాన్ని యూటీసీ అర్ధరాత్రిగా చదువుతుంది. అదే తేదీకి టైము జోడించి, జోన్ ఇవ్వకుండా వదిలేస్తే చూసేవాడి ఊరి టైముగా చదువుతుంది. ఆగస్టు 15 యూటీసీ అర్ధరాత్రికి డాలస్‌లో ఇంకా 14వ తేదీ రాత్రి 7 గంటలే. గ్రీనిచ్‌కి పడమరన ఉన్నవాళ్లకే ఇది కనిపిస్తుంది. ఇండియాలో కూర్చుని ఎంత పరీక్షించినా దొరకదు. అందుకే ఈ తప్పు చాలా పేజీల్లో ఏళ్ల తరబడి బతికేస్తోంది.

ఎదురు దిశలో ఇంకో తప్పు మనకే తగులుతుంది. ఈరోజు తేదీ కావాలని టుఐఎస్ఓస్ట్రింగ్ పిలిచి మొదటి పది అక్షరాలు కత్తిరించే అలవాటు చాలామందికి ఉంది. అది ఎప్పుడూ యూటీసీ తేదీనే ఇస్తుంది. రాజమండ్రిలో అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున 5:30 దాకా అది నిన్నటి తేదీ. తెల్లవారుజామున సాధనకు లేచే పిల్లల హాజరు సరిగ్గా ఆ వేళలోనే పడుతుంది.

ఏం మార్చాను:

1. టైము లేని తేదీని డేట్ వస్తువుగా మార్చడం మానేశాను. ఏడాది, నెల, రోజు అనే మూడు అంకెలుగానే దాచాను.
2. చూపించేటప్పుడు మాత్రం ఆ మూడింటితో యూటీసీ తేదీ కట్టి, ఫార్మాట్ చేసేటప్పుడూ టైమ్‌జోన్ యూటీసీ అనే ఇచ్చాను. రెండు వైపులా ఒకటే జోన్ ఉంటే తేదీ జారదు.
3. నెలలో ఒకటి తగ్గించడం ఒకే ఒక్క ఫంక్షన్‌లో పెట్టాను. జనవరికి 0, మార్చికి 2 అనే లెక్క 1995లో జావా డేట్ క్లాసు నుంచి దించుకున్నది. అది కోడ్ అంతటా చెదిరి ఉంటే పట్టుకోలేం.

పండుగలకు ఇంకో మాట. ఉగాది లాంటివి సూర్యోదయానికి ఉన్న తిథిని బట్టి వస్తాయి కాబట్టి అమెరికాలో ఒక్కోసారి ముందు రోజే పడతాయి. టైమ్‌జోన్ లెక్కతో దాన్ని రాబట్టకూడదు. అక్కడి పంచాంగం చూసి ఊరికొక తేదీ టీచర్ గారే నింపేలా ఫారంలో గడులు పెట్టాను.

తరవాత టీచర్ గారి ఎక్సెల్ షీటు. అందులో తేదీలు 04/05/2025 అని మన అలవాటులో ఉన్నాయి, అంటే మే 4. బ్రౌజర్‌కి అలాగే ఇస్తే అమెరికా పద్ధతిలో ఏప్రిల్ 5 అంటుంది. 13/04/2025 ఇస్తే క్రోమ్ చెల్లని తేదీ అని తిప్పికొడుతుంది. 365 రోజుల ఏడాదికి లెక్క వేశాను: 221 తేదీలు తిప్పికొడతాయి, రోజూ నెలా ఒకటే అయిన 12 తేదీలు సరిగ్గా పడతాయి, మిగిలిన 132 తేదీలు ఏ హెచ్చరికా లేకుండా వేరే రోజుకు మారిపోతాయి. తిప్పికొట్టే 221తో భయం లేదు. ఆ 132తోనే టెన్షన్. గీతల తేదీని డేట్‌కి నేరుగా ఇవ్వడం ఆపి, గీతల దగ్గర విడగొట్టి, మొదటిది రోజు, రెండోది నెల అని చెప్పి తీసుకున్నాను.

గురుపరంపర పేజీలో ఒక పెద్దాయన పుట్టినరోజు కూడా ఒక రోజు వెనక్కి జారింది. ఆయన పుట్టింది 1944లో. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 సెప్టెంబర్ నుంచి 1945 అక్టోబర్ దాకా, మన గడియారం యూటీసీ+6:30 మీద నడిచింది. టైమ్‌జోన్ డేటాబేస్‌కి ఆ సంగతి తెలుసు. పాత కోడ్ బ్రౌజర్‌లో స్థానిక అర్ధరాత్రిని దాచింది, తిరిగి తీసేటప్పుడు 5:30 అని చేత్తో కలిపింది. జవాబు ముందు రోజు రాత్రి 11 గంటలు. పై మొదటి మార్పుతో ఇదీ పోయింది.

ఆగస్టు 15కి నాలుగు ఊళ్ల వరసలు కాగితానికి చేర్చాను. నాలుగూ సరి. క్లాసుల వరసలను ఇంకా ముట్టుకోలేదు.

ఇప్పటిదాకా: 28లో 19.

దశ 2: దేన్ని దాచాలి

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టాల్సి వచ్చింది, పెట్టాలి కూడా. ముందు తేడా అంకెలన్నీ తీసేసి ఊరి జోన్ పేర్లు పెట్టాను: ఏషియా/కోల్‌కతా, అమెరికా/చికాగో, యూరప్/లండన్, ఆస్ట్రేలియా/మెల్‌బోర్న్. జోన్ల జాబితాలో డాలస్ అనే పేరు లేదు. దాని గడియారం చికాగో పేరు మీదే ఉంటుంది. క్లాసు టైమును యూటీసీలో దాచి, ఇంటల్.డేట్‌టైమ్‌ఫార్మాట్‌కి టైమ్‌జోన్‌గా ఈ పేర్లు ఇస్తే చాలు, వారం పేరుతో సహా 24 వరసలూ సరిపోయాయి.

అక్కడితో ఆగిపోతే బాగుండేదేమో గానీ, డాలస్‌లో ఒక పెద్ద విద్యార్థిని చిన్నపిల్లలకు శనివారం ఉదయం 10 గంటలకు సాధన క్లాసు పెడుతుంది. ఆ 10 గంటలు డాలస్ గడియారం ప్రకారం. దాన్ని మార్చి మొదట్లో యూటీసీ 16:00 అని దాచాం. మార్చి 15కి వచ్చేసరికి పేజీ డాలస్‌లో ఉదయం 11 గంటలు అంది. యూటీసీ మారలేదు, డాలస్ మారింది.

యూటీసీలోనే దాచండి అనే సలహా అందరూ చెబుతారు. జరిగిపోయిన వాటికి అది సరైనదే: ఫీజు ఎప్పుడు కట్టారు, హాజరు ఎప్పుడు పడింది. ముందు జరగబోయేవాటికి, అందులోనూ ప్రతివారం తిరిగి వచ్చేవాటికి, అది సరిపోదు. ఆ అమ్మాయి పిల్లలకు ఇచ్చిన మాట యూటీసీలో లేదు. శనివారం, 10:00, డాలస్ అని ఉంది. ఇచ్చిన మాటను ఇచ్చినట్టుగా దాచి, యూటీసీని ప్రతి వారానికీ అప్పుడే లెక్కకట్టాలి. టీచర్ గారి క్లాసు యూటీసీలో దాచినా ఇబ్బంది పడనిది మన గడియారం కదలదు కాబట్టే. అదే కోడ్ డాలస్ క్లాసుకు పెట్టగానే పడిపోయింది.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి. టైమ్‌స్టాంప్‌టీజెడ్ అనే రకం జోన్ పేరును దాచదు. లోపలికి తీసుకుని యూటీసీకి మార్చి, పేరు వదిలేస్తుంది. జోన్ పేరుకు వేరే కాలమ్ ఉండాలి.

ఇప్పుడు ఊరి టైమును యూటీసీకి మార్చాలి. ఇంటల్‌లో యూటీసీ నుంచి ఊరికి దారి ఉంది, ఊరి నుంచి యూటీసీకి లేదు. జావాస్క్రిప్ట్‌కు కొత్తగా చేరుతున్న తేదీల భాగం టెంపోరల్ అంతటా వస్తే ఈ బాధ తీరుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో 2025 మేలో, 139వ వెర్షన్‌తో వచ్చింది. పాత ఫోన్లు వాడే ఇళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ప్రస్తుతానికి ఊహించి సరిదిద్దే పద్ధతి వాడాను. మార్చి 15, ఉదయం 10:00, అమెరికా/చికాగోకి అది ఇలా నడుస్తుంది:

1. ఊరి టైమునే యూటీసీ అనుకో: 10:00.
2. ఆ క్షణాన్ని చికాగో జోన్‌లో చూడు: 05:00 వస్తుంది.
3. కావలసింది 10:00, వచ్చింది 05:00. తేడా 5 గంటలు.
4. ఊహకు 5 గంటలు కలుపు: యూటీసీ 15:00.
5. మళ్లీ చికాగోలో చూడు: 10:00. సరిపోయింది, ఆగు.
6. సరిపోకపోతే 3, 4 ఇంకొక్కసారి చేసి చూడు. అప్పటికీ కుదరకపోతే ఆ టైమును ఒప్పుకోకు.

ఆరో మెట్టు తీసేయకండి. మార్చి 9న చికాగో జోన్‌లో 2 గంటల నుంచి 3 గంటల దాకా అసలు లేదు. 2:30 అడిగి చూశాను. మొదటి దిద్దుబాటుకు 3:30 వచ్చింది, రెండోదానికి 1:30. ఎన్నిసార్లు తిప్పినా ఆ రెండింటి మధ్యే ఊగుతుంది, 2:30 రాదు. ఫారం ఆ టైము ఆ రోజు లేదని చెబుతుంది. నవంబర్ 2న 1:30 మాత్రం రెండుసార్లు వస్తుంది. ఈ పద్ధతి మొదటిదాన్ని పట్టుకుంటుంది. సంగీతం క్లాసుకు అది చాలు. ఆసుపత్రి డ్యూటీల లాంటి వాటికి చాలదు, అక్కడ ఏదో ఒకటి ఎంచుకోమని అడగాలి.

రెండో మెట్టులో టైమును చదివేటప్పుడు చిన్న గుంట ఉంది. ఇంగ్లీషు అమెరికా లొకేల్‌తో (లొకేల్ అంటే భాష, దేశం కలిపిన సెట్టింగు) 12 గంటల పద్ధతి వద్దని అవర్12ని ఫాల్స్ చేస్తే క్రోమ్ అర్ధరాత్రిని 24:00 అంటుంది. లెక్కలో ఒక రోజు తేడా పడుతుంది. దాని బదులు అవర్‌సైకిల్‌కి హెచ్23 ఇవ్వాలి.

ఊరు ఎంచుకునే జాబితా ఇంకో చోట చెడింది. బ్రౌజర్ చెప్పే జోన్ పేరు తీసుకుని జాబితాలో ముందే ఎంచిపెట్టాలని చూశాను. ఫైర్‌ఫాక్స్‌లో పనిచేసింది. క్రోమ్‌లో జాబితా ఖాళీగా నిలబడింది, ఎందుకంటే క్రోమ్ ఏషియా/కలకత్తా అనే పాత పేరు ఇచ్చింది. రెండూ ఒకే జోన్. పాత పేరు వస్తే కొత్తదానికి మార్చే చిన్న పట్టిక పెట్టాను.

పొట్టి పేర్లు మొత్తం తీసేశాను. ఐఎస్‌టీ అంటే ఇండియాకీ, ఇజ్రాయెల్‌కీ, ఐర్లండ్‌కీ ఒకటే. సీఎస్‌టీ అంటే డాలస్ కావచ్చు, చైనా కావచ్చు. పేజీలో ఇప్పుడు ఊరి పేరే ఉంటుంది: రాజమండ్రి టైము, డాలస్ టైము. అది చదివి తికమకపడేవాళ్లు లేరు.

సాధన క్లాసు రాజమండ్రిలో ఎలా కనపడాలో నాలుగు వరసలు చేర్చాను: మార్చి 8, నవంబర్ 8 రాత్రి 9:30, మార్చి 15, నవంబర్ 1 రాత్రి 8:30. లేని గంటకు ఒక వరస, రెండుసార్లు వచ్చే గంటకు ఒక వరస.

ఇప్పటిదాకా: 34లో 34.

దశ 3: తెలుగులో చూపించడం

అంకెలు సరిపోయాయి కదా, లొకేల్ తెలుగు అని ఇస్తే అయిపోతుందని అనిపిస్తుంది. ఇచ్చి చూస్తే పూర్తి తేదీ ఇలా వచ్చింది: 9, మార్చి 2025, ఆదివారం. అర్థం అవుతుంది, కానీ 9 తరవాత కామా పెట్టి మనలో ఎవరూ రాయరు. టైము పక్కన ఏఎం, పీఎం ఇంగ్లీషు అక్షరాల్లోనే వచ్చాయి.

ఈ రూపాలు బ్రౌజర్ సొంతం కావు. యూనికోడ్ వాళ్ల సీఎల్‌డీఆర్ అనే భండారం నుంచి వస్తాయి. అందులో పూట పేర్లు కూడా తెలుగులో ఉన్నాయి. డేపీరియడ్ అనే ఆప్షన్‌కి లాంగ్ ఇస్తే ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని వస్తాయి. సంతోషంగా పెట్టేదాన్నే గానీ ప్రతి గంటకూ అరగంట దగ్గర, 24 వరసలూ తీసి చూశాను. మాటలు తెలుగువే, హద్దులు మనవి కావు:

ఉదయం: 6 నుంచి 12 దాకా.
మధ్యాహ్నం: 12 నుంచి 6 దాకా.
సాయంత్రం: 6 నుంచి 9 దాకా.
రాత్రి: 9 నుంచి మళ్లీ పొద్దున 6 దాకా.

ఇంగ్లీషు పూటల హద్దులు కూడా ఇవే. దీని ప్రకారం తెల్లవారుజామున 5 గంటల సాధన రాత్రి 5 అవుతుంది. సాయంత్రం 5 గంటల క్లాసు మధ్యాహ్నం 5 అవుతుంది. మన ఇళ్లలో అనే మాటతో పోలిస్తే 24లో 18 సరి, 6 తప్పు. ఆ ఆరు గంటల్లోనే సంగీతం క్లాసులు ఎక్కువ.

అందుకని పూట పేర్లు సొంతంగా పెట్టాను:

1. 4 నుంచి 6: తెల్లవారుజామున.
2. 6 నుంచి 12: ఉదయం.
3. 12 నుంచి 4: మధ్యాహ్నం.
4. 4 నుంచి 7: సాయంత్రం.
5. 7 నుంచి 4: రాత్రి.

ఇందులో వాదనకు చోటుంది. జూన్ నెలాఖరులో డాలస్‌లో రాత్రి ఎనిమిదిన్నర దాటాక గానీ సూర్యుడు అస్తమించడు. వెలుతురుండగా రాత్రి 8 అంటారేంటి అని అక్కడి తల్లులు అడిగారు. అలాగని సాయంత్రం 8 అనడం చెవికి ఎక్కదు. సూర్యుణ్ణి బట్టి పూట మార్చితే రెండు ఊళ్లలో ఒకే అంకెకు రెండు పేర్లు వస్తాయి. రాత్రి అనే ఉంచాను.

అర్ధరాత్రి దాటాక వచ్చే టైము అన్నిటికన్నా పెద్ద చిక్కు. 2025 జూన్ 14, శనివారం మధ్యాహ్నం 2 గంటలకు డాలస్‌లో పిల్లల కచేరీ, ఆన్‌లైన్‌లో ప్రసారం. రాజమండ్రిలో అది జూన్ 15, 00:30. పేజీ నిజాయతీగా ఆదివారం రాత్రి 12:30 అంది. కంప్యూటర్ లెక్కలో అక్షరం తప్పు లేదు. చదివిన అమ్మమ్మలు, తాతయ్యలు ఆదివారం పగలంతా గడిచాక ఆ రాత్రి పన్నెండున్నరకు కూర్చుంటారు, కచేరీ అయిపోయి ఒక రోజు దాటాక. మన మాటలో అది శనివారం రాత్రి. తెల్లవారాకే ఆదివారం. పిలుపు కార్డుల్లో, పంచాంగాల్లో ఇలాంటి వేళకు శనివారం తెల్లవారితే ఆదివారం అని రాసేది ఇందుకే. ఆ మాటనే కోడ్‌లోకి తెచ్చాను:

1. గంట 4 కంటే తక్కువైతే రోజు పేరును ఒకటి వెనక్కి జరుపు.
2. తేదీ అంకెను జరపకు. క్యాలెండర్‌లో వెతికేవాళ్లకు అసలు తేదీ కావాలి.
3. రెండూ కలిపి చూపించు: శనివారం రాత్రి 12:30, తెల్లవారితే ఆదివారం, జూన్ 15.

రోజు పేరు ఒక్కటే జరిపి ఆపితే జూన్ 15 శనివారం అని కనపడి ఇంకో గొడవ అవుతుంది. మూడో మెట్టు పెట్టాకే ఫోన్లు ఆగాయి. ఈ ప్రాజెక్టులో ఒక్కటే దించుకుంటానంటే ఇది దించుకోండి.

చిన్నవి మరికొన్ని. 7 గంటలకు, 7:30 గంటలకు బాగానే ఉంటాయి, 1 గంటలకు బాగుండదు. సరిగ్గా ఒంటిగంట అయినప్పుడు 1 గంటకు అని వచ్చేలా విడిగా రాశాను. తెలుగు అంకెలు కావాలంటే లొకేల్‌లో నంబరింగ్ సిస్టమ్‌ని టీఈఎల్‌యూ అని ఇస్తే వస్తాయి. పెట్టి చూసి తీసేశాను, పిల్లలు చదవలేకపోయారు. రేపు, ఎల్లుండి, నిన్న, మొన్న అనే మాటలు మాత్రం ఇంటల్.రిలేటివ్‌టైమ్‌ఫార్మాట్‌లో తెలుగుకి చక్కగా ఉన్నాయి. ఇంగ్లీషు పేజీలో రెండు రోజుల్లో అని వచ్చే చోట మనకు ఎల్లుండి అని వస్తుంది. దానికి ఇచ్చే అంకెను మాత్రం జాగ్రత్తగా కట్టాలి. మిల్లీసెకన్ల తేడాను 8,64,00,000తో భాగిస్తే రాత్రి 11 గంటలకు చూసేవాడికి పొద్దున 6 గంటల క్లాసు ఈ రోజే అవుతుంది, తేడా 7 గంటలే కాబట్టి. ముందు రెండు క్షణాలనూ చూసేవాడి ఊరి తేదీలుగా మార్చి, ఆ తేదీల మధ్య రోజులు లెక్కపెట్టాలి.

పూటలకు 24 వరసలు, అర్ధరాత్రి దాటిన రోజు పేరుకు 4, రేపు ఎల్లుండిలకు 4 చేర్చాను.

ఇప్పటిదాకా: 66లో 66.

దశ 4: సర్వర్‌కి ఎక్కించాక

ఎక్కించగానే ఇంగ్లీషు పేజీ వరసలు మూకుమ్మడిగా పడిపోయాయి. స్క్రీన్ మీద కావలసిందీ 7:30 పీఎం, వచ్చిందీ 7:30 పీఎం. కంటికి ఏ తేడా లేదు. ఒక్కో అక్షరం సంఖ్య అచ్చు వేసి చూస్తే పీఎం ముందున్న ఖాళీ ఒకదానిలో 32, ఇంకోదానిలో 8239. 2022 చివర్లో వచ్చిన సీఎల్‌డీఆర్ 42లో ఇంగ్లీషు టైముకు ఆ ఇరుకు ఖాళీ పెట్టారు. నోడ్ 20లో అది ఉంది. బ్రౌజర్లు మాత్రం చాలా పేజీలు విరిగిపోవడంతో మామూలు ఖాళీకే తిరిగి మారాయి. ఖాళీ దగ్గర విడగొట్టే పాత కోడ్ అక్కడే పడిపోయింది.

మార్పు: ఫార్మాట్ అయి వచ్చిన వాక్యాన్ని ఎక్కడా విడగొట్టడం లేదు, పోల్చడం లేదు. ఫార్మాట్‌టుపార్ట్స్‌తో గంట, నిమిషం, వారం, నెల విడివిడిగా తీసుకుని వాక్యం నేనే కడుతున్నాను. తెలుగు పేజీకి దశ 3లోనే ఇలా చేయడం వల్ల దానికి దెబ్బ తగల్లేదు.

సర్వర్ యూటీసీలో ఉంటుంది, దానికి చూసేవాడి ఊరు తెలియదు. మొదట యూటీసీ టైము కనపడి క్షణంలో మారిపోయేది. ఇప్పుడు సర్వర్ రాజమండ్రి టైమునే ఊరి పేరుతో సహా రాస్తుంది, టైమ్ అనే ట్యాగులో అసలు క్షణం దాచి ఉంచుతుంది. బ్రౌజర్ వచ్చాక కింద రెండో వరసలో వాళ్ల ఊరి టైము చేరుస్తుంది. మొదటి వరస చెరిపేయదు. కాబట్టి స్క్రిప్టు నడవని ఫోన్లోనూ అబద్ధం ఉండదు. డాలస్ అమ్మాయి, రాజమండ్రి అమ్మమ్మ ఫోన్లో మాట్లాడుకునేటప్పుడు ఇద్దరి ముందూ ఒక ఉమ్మడి వరస కూడా ఉంటుంది.

ఇప్పటిదాకా: 66లో 66, నోడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో.

దించుకునేవాళ్లకు

2026 పరీక్ష తేదీలు కాగితం మీద పెట్టుకోండి: అమెరికాకు మార్చి 8, నవంబర్ 1, బ్రిటన్‌కు మార్చి 29, అక్టోబర్ 25, మెల్‌బోర్న్‌కు ఏప్రిల్ 5, అక్టోబర్ 4. ఒక్కోదానికి ముందు వారం, తరవాతి వారం రెండూ వరసలుగా చేర్చండి. మీ విద్యార్థులు అరిజోనాలో ఉంటే అమెరికా/ఫీనిక్స్ అని విడిగా ఎంచుకోనివ్వండి. నవాహో ప్రాంతం తప్ప ఆ రాష్ట్రంలో గడియారం మార్చరు. ఏ దేశమైనా నియమం మారిస్తే కొత్త డేటాబేస్ నోడ్‌లోకి రావాలి కాబట్టి సర్వర్‌లో నోడ్ వెర్షన్‌ను పాతబడనివ్వకండి. టెంపోరల్ అన్ని ఫోన్లలోకీ వచ్చాక దశ 2లోని ఆరు మెట్లూ తీసేసి, లేని గంటకు రిజెక్ట్ అనే ఆప్షన్ ఇచ్చి (అది రెండుసార్లు వచ్చే గంటనూ తిప్పికొడుతుంది కాబట్టి ఆ వరసను విడిగా చూసుకుని) ఇవే 66 వరసలు మళ్లీ నడపాలి.